పేరు చెక్కని చోటు

ఎనభై ఎనిమిదో ప్రశ్న:
ఈజిప్టును ఏలిన చివరి సొంతగడ్డ రాజు ఎవరు?
నాలుగు గుండ్రాలు. ఒక్కటీ నల్లబడలే.
మిగతా నూట నలభై తొమ్మిదీ దిద్ది
అదొక్కటే వదిలేసింది ఓర్సు సమత.

తెల్వక కాదు.
పాఠం చెప్పిన రోజు ముందు బెంచీ తనదే.
నయీంనగర్, రెండో అంతస్తు,
కింద మిర్చి బజ్జీల నూనె పొగ,
పైన నేను, నలభై రెండు మంది, తిరగని ఒక ఫ్యాను.
బోర్డు మీద రాస్తున్న:
ఇరవై రెండో వంశం, లిబియా నుంచి వచ్చినోళ్లు.
ఇరవై ఐదు, దక్షిణాన కుష్ నుంచి.
ఇరవై ఏడు, పారశీకులు.
వెనక బెంచీల ఎవడో లేచి
"సార్, కిలాల ఖుష్‌మహల్ వాళ్లదేనా?"
గదంతా నవ్వు. నేనూ నవ్విన.
నవ్వుతనే ఆగిన.
ఆ మహల్ కట్టించింది ఎవరన్నది
ఇప్పటికీ నాకు గట్టిగ తెల్వదు.

చెరిపి మళ్లా మొదలుపెట్టిన.
కుషోళ్లు గెలిచి, ఓడినోళ్ల దేవుళ్లకే మొక్కిన్రు.
వాళ్లే మరిచిపోయిన పాత తీరు సమాధులు
వీళ్లొచ్చి కట్టుకున్నరు.
పారశీకుడు పన్ను లెక్క మార్చిండు.
నడుమ అరవై ఏండ్లు మళ్లా సొంత గద్దె.
ఆఖరోడు నెక్తనెబో,
మూటాముల్లె సర్దుకొని దక్షిణం దిక్కు పోయిండట.
ఎట్ల సచ్చిండో రాసినోడు లేడు.
తర్వాత గ్రీకులు, దగ్గర దగ్గర మూడు వందల ఏండ్లు.
రోము వచ్చినంక అది రాజ్యం గూడ కాదు, ఉత్త సుబా.
మన సుబేదారి లెక్క అన్న.
ఈసారి ఎవ్వరూ నవ్వలే.

పరీక్షకు రాని ముచ్చట ఒకటి చెప్త అన్న.
రాజు పేరు చుట్టూ తాడు తిప్పినట్టు
ఒక కోలగుండ్రం చెక్కుతరు.
గ్రీకుల ఆఖరి రోజుల్ల
ఏ తమ్ముడు ఏ అక్కను తరిమి గద్దెనెక్కుతడో
ఎవ్వనికీ ఎరుక లేదు.
గుడి గోడ మీద కిరీటం చెక్కిన్రు, మొకం చెక్కిన్రు,
తాడు గూడ చెక్కిన్రు.
లోపల పేరు మటుకు ఖాళీ.

అప్పుడు సమత తలెత్తింది.
"మా బాపు గూడ గంతే సార్."

ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డు.
నల్ల గ్రానైటు మీద శంకుస్థాపన ఫలకాలు
చెక్కుతడు ఉప్పలయ్య.
ఎలక్షన్ కోడ్ ఉన్నన్ని రోజులు
"గౌరవనీయులు" దాకా వచ్చి ఉలి ఆపుతడు.
శ్రీ గూడ చెక్కడు, శ్రీమతి కావచ్చని.
ఎవలూ తీస్కపోని పాత రాళ్లను తిరగేసి
వెనక దిక్కు మళ్లా మొదలుపెడ్తడు.
ఒక్క రాయికి రెండు ప్రభుత్వాలు,
వీపుకు వీపు ఆన్చి.

షీటు చూపించి అడిగిన.
తెలిసీ ఎందుకు వదిలినవమ్మా?
"ఉరికిపోయినోనికి
పెన్నుల సిరా ఎందుకు దండగ సార్."

ఆదివారం ఆ షెడ్డుకు పోయిన.
గోడకు నాలుగు ఫలకాలు ఒరిగున్నయి,
నాలుగింటికీ పేరు లేదు.
ఉప్పలయ్య ఛాయ్ తెప్పించిండు.
కండ్లల్ల రాతిపిండి, ఎడమ బొటనవేలుకు గోరు లేదు.
బిడ్డ అన్నీ చెప్పిందట.
చానాసేపు ఏం మాట్లాడలే. ఆనక అడిగిండు:

"సారూ, ఆ దేశంల
పేరు లేకుండ ఇడిసిన రాయికి
కూలి ఇచ్చిన్రా?
పేరు పడ్డంకనే అన్నరా?"

మూడు వేల ఏండ్లు, ముప్పై ఒక్క వంశం
నోటికొచ్చు నాకు.
ఛాయ్ మీద మీగడ కట్టింది.

పేరుకు ఇడిసిన జాగను
అరచేత్తో ఒక్కసారి తుడిచి
"మాకైతే చెక్కినంకనే" అన్నడు.