నీళ్ళ లెక్కా, తిండి లెక్కా

మా మరిది ధనుంజయ ఓడ కలాసీ.
కావ్‌షుంగ్ రేవులో కొన్నానని
ఒక పొట్లం చేతిలో పెట్టాడు.
చారెడు గింజలు,
పొట్టు వదలని రాగుల్లా ఉన్నాయి.

"ఐయూ అంటారొదినా.
తైవాన్ కొండల్లో చెట్లెగబాకే తీగకి కాస్తాది,
మన మేడికి వేలువిడిచిన చుట్టం.
పొయ్యి ముట్టించక్కర్లేదు.
నీళ్ళలో పిసుకు, నీళ్ళే నిలబడిపోతాయి."

నీళ్ళ గురించి
మా కవిటి వైపు ఎవరూ పరాచికాలాడరు.
అయినా నవ్వాను.

షరతులు మాత్రం మగపెళ్ళివారివి.
గిన్నెకి జిడ్డుండకూడదు,
పంచదార ముందే కలపకూడదు,
చేతికి నూనె అసలే తగలకూడదు.
పలాసలో పదకొండేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు నావి.
ఆముదం రాసి, బూడిద అద్ది
ఆ జీడి నుంచి కాపాడుకొచ్చిన వేళ్ళు.
కుంకుడు రసంతో మూడుసార్లు తోమాను.
జిడ్డు పోయింది.
నలుపు ఉండిపోయింది, అది నాదే.

మల్లుగుడ్డలో గింజలు మూటకట్టి
టిన్ను వంచి ప్లాంటు నీళ్ళు పోశాను.
పిసుకుతుంటే బెండకాయ జిగురులాంటిదేదో
వేళ్ళ సందుల్లోంచి జారుతోంది,
బతికున్న చేపపిల్లని పట్టుకున్నట్టుంది.
మూత పెట్టి గంటసేపు కూర్చున్నాను.

తీసి చూస్తే
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

మంచమ్మీంచి అప్ప కేకేసింది.
"ఏటే, నీ తైవాను గడ్డకట్టిందా?"
వారానికి రెండుసార్లు సోంపేట వెళ్ళి
రక్తం కడిగించుకొచ్చే మా లోలాక్షప్పకి
గొంతులో ఎటకారం మాత్రం తగ్గలేదు.

ఫోనులో ధనుంజయ నాలిక కరుచుకున్నాడు.
"టిన్ను నీళ్ళా? ఆటిలో ఏటుంటాది వదినా,
మిషను అన్నీ పీకేస్తాది.
సున్నమో గిన్నమో కూసింత ఉండాల.
బోరు నీళ్ళు పట్టు."

పెరట్లో బోరింగు ఉంది.
బట్టలకి, అంట్లకి, అంతే.
ఎవరెవరో వచ్చారు, సీసాల్లో పట్టుకెళ్ళారు.
ఇదే చేసిందని ఎవరూ తేల్చలేదు,
ఇది కాదనీ తేల్చలేదు.
సాక్ష్యం దొరకక వదిలేసిన మనిషిని
వీధి చూసినట్టు చూస్తాం దాన్ని,
పలకరిస్తాం, గుమ్మంలోకి రానివ్వం.

హ్యాండిలు కొట్టాను. కీచుమంది.
మిగిలిన గింజల్లో సగం తీసి
మళ్ళీ మూటకట్టి, మళ్ళీ పిసికాను.
ఈసారి అరగంట కూడా పట్టలేదు,
గిన్నె వంచితే ఒలకలేదు.
పల్చటి టీ రంగులో, లోపల నాలుగు బుడగలు ఆగిపోయి,
లేత ముంజెలా వణుకుతోంది.

గరిటెతో కోసి, నిమ్మకాయ పిండి,
పంచదార పాకం పోసుకున్నాను.
ఒక్క గిన్నెలోనే.
అప్ప చూసింది.
"నాకో?"
"బోరు నీళ్ళప్పా."
"పుట్టిన కాణ్ణుంచి తాగినవే గదే.
కొత్తగా ఇంకేటి సేస్తాయి?"

నేనేమీ అనలేదు. ఏమనాలో తెలీలేదు.
ఆవిడే చెయ్యి చాపి చెంచా తీసుకుంది.
నోటిదాకా తెచ్చి ఆగింది.
భయంతో కాదు, లెక్కతో.
రోజుకి అరలీటరు, డాక్టరు గీసిన గీత.
గొంతు తడుపుకోవడానికి ఐసుముక్క చప్పరించినా
పుస్తకంలో రాసే మనిషి.

"ఒలే, ఇది నీళ్ళ లెక్కా, తిండి లెక్కా?"

ధనుంజయకి తెలీదు.
సోంపేట నర్సు తిలోత్తమకి ఫోను చేస్తే
ఆ పిల్ల మొదట నవ్వి, తరవాత
"కనుక్కుని చెప్తానండి" అంది.

ఈలోగా అప్ప చెంచా నోట్లో పెట్టేసుకుంది.
మింగలేదు చాలాసేపు.
కళ్ళు మూసుకుని, దవడ కదపకుండా,
అలా ఉంచుకుంది.
"సల్లగా ఉందే" అంది చివరికి.
రెండో చెంచా అడగలేదు.

పుస్తకం తెరిచాను.
నీళ్ళ గడి, తిండి గడి.
రెంటి మధ్య గీత మీద
ఒక చుక్క పెట్టి మూశాను.

పొద్దున లేచి చూస్తే
గిన్నెలో మిగిలిన ముక్క
సగానికి సగం నీళ్ళొదిలేసింది.
పొట్లంలో ఇంకో పిసుకుడికి సరిపడా గింజలున్నాయి.
అప్ప వాటిని ఉప్పుడబ్బా వెనక దాచింది,
నాకు కనపడదనుకుని.