ఆరు కుండీలు

ముప్ఫైమూడు అని పేరున్న ఊరు మాది.
ఎందుకా పేరని అడిగినవాళ్లకి చెప్పీ చెప్పీ
ఇప్పుడు భుజాలెగరేసి ఊరుకుంటున్నాను.
ఒలిమార్ నది. దాటితే వరిచేలు.
ఉరుగ్వేలో ఇంత వరి పండుతుందంటే
రాజధాని వాళ్లే నమ్మరు.

తపాలా కిటికీ వెనక ఇరవై తొమ్మిదేళ్లు.
చివరి ఏళ్లలో, ఇంట్లో గంజాయి పెంచుకుంటామని
పేరు రాయించుకునేవాళ్ల కాగితాల మీదా
నేనే ముద్ర కొట్టాను.
మాంసం కొట్టు రోసెందో,
పళ్ల డాక్టరమ్మ,
చర్చిలో నా ముందు బల్ల మీద కూర్చునే ముసలావిడ.
ఎవరి మొహమూ చూసేదాన్ని కాదు.
అందరికీ ఒకటే దెబ్బ, ధన్.

ఉద్యోగం దిగిన వారానికి
కిటికీకి ఇటువైపు నిలబడ్డాను.
ముద్రలు కొట్టి కణుపులు వాచిన వేళ్లతో
సంతకం పెట్టాను: ఇదలీనా ఫాగుందెస్.
ఆరు మొక్కలు, అంతే, అంది చట్టం.
ఆరే కుండీలు కొన్నాను.

విత్తనం గురించి ఊరంతా మాట్లాడుతుంది.
మట్టి గురించి అడిగితే
మట్టేముంది, మట్టే, అంటారు.

దుకాణంలో అన్నిటికంటే ఖరీదైన సంచి తెచ్చాను.
సంచి మీద కండలు తిరిగిన మొక్క బొమ్మ.
రెండాకుల పసిదానికి
పెళ్లిభోజనం వడ్డించానని
ఆకుల కొసలు మాడిపోయాక తెలిసింది.

ఖర్చెందుకని ఈసారి ఒలిమార్ ఒడ్డు తవ్వుకొచ్చాను.
నల్లని ఒండ్రు, చూడ్డానికి ఎంత బావుందో.
నీళ్లు పోస్తే కిందికి దిగలేదు,
పైనే నిలిచి నా మొహం నాకు చూపించాయి.
పదో రోజుకి కుండీలో మట్టి లేదు,
ఇటుక ఉంది.
అలా రెండుసార్లు మట్టి కరిచాను.

మట్టి తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే:
ఒలేగారియో, శ్మశానంలో గోతులు తవ్వేవాడు.
నా నీకనోర్‌కి తవ్విందీ ఆయనే.
పిలవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

వచ్చాడు. టోపీ తీశాడు.
కుండీలోకి మణికట్టు దాకా చెయ్యి దించి
చాలాసేపు అలాగే ఉంచాడు,
జ్వరం చూస్తున్నట్టు.
"తడిపి పిడికిట పట్టి చూడు.
ముద్ద కట్టాలి. వేలితో పొడిస్తే విడిపోవాలి.
కట్టకపోతే ఇసుక.
విడిపోకపోతే నాకు పనికొచ్చే మట్టి.
నావాళ్లకి ఊపిరి అక్కర్లేదు.
దీని వేళ్లకి కావాలి."

ఊకదంపుడు మనిషి కాడు,
మర్నాడు మిల్లు నుంచి ఊకే తెచ్చాడు.
సగం నల్లగా కాల్చాం, బూడిద కాకుండా.
పెరటి పాత మట్టి జల్లెడ పట్టాం.
పొద్దునా సాయంత్రం నేను పీల్చి తాగే
మాతే ఆకు పిప్పి, ఏడాదిది, డబ్బాలో ఉంది,
దాన్ని వానపాములు ఎప్పుడో కాఫీపొడి చేసేశాయి.
అదో రెండు గంపలు. ఎక్కువొద్దన్నాడు.
"తిండి తర్వాత. ముందు ఇల్లు."

తడిపి, గోనె కప్పి, నీడన పెట్టి
మూడు వారాలు ముట్టుకోవద్దన్నాడు.
ముట్టుకోలేదు. రోజూ రాత్రి
గోనె ఎత్తి వాసన మాత్రం చూశాను.
మొదట పులిసిన మాతే.
తర్వాత కొంచెం వెచ్చదనం.
ఇరవయ్యో రాత్రి, చుక్క వాన లేని రాత్రి,
గోనె కింద వాన వాసన.

నాలుగు కుండీల్లో ఇవాళ ఆకుపచ్చ.
రెండింటిలో ఇంకా ఏమీ లేదు, చూడాలి.

కుండీలు నింపే రోజున ఒలేగారియోని అడిగాను,
"నీకనోర్ ఉన్న చోట ఏ మట్టి?"
టోపీ చేతుల్లో తిప్పుకున్నాడు.
"బంక," అన్నాడు. "నీళ్లు నిలుస్తాయి."

ఆదివారం, మిగిలిన అర బకెట్టు తీసుకెళ్లి
వంటగది ఫోర్కుతో పైపైన గుల్ల చేసి
అక్కడ కలిపి వచ్చాను.
ఏమీ నాటలేదు.
ఏడోదానికి చట్టం ఒప్పుకోదు.