ఏడు బారల లోతు

జూలై. తెల్లవారుజాము నాలుగున్నర.
విల్హో మామయ్య అప్పటికే పడవలో ఉన్నాడు,
కాఫీ ఫ్లాస్కు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని,
నేనేదో ఆలస్యం చేసినట్టు.

ఈ సరస్సులో నాణెం జారిపడితే
బొమ్మో బొరుసో పైనుంచే చెప్పొచ్చు.
పడవ నీడ అడుగున రాళ్ళెక్కి దిగుతూ
మాతోపాటే వస్తుంది.
అందుకే ఇక్కడ గాలం వెయ్యడం కష్టం.
మనకి చేప కనిపించేలోపు
చేపకి మనం టోపీతో సహా కనిపిస్తాం.

మామయ్యకి ఆ బెంగ లేదు.
మూడేళ్ళ కిందట కుడికన్ను,
మొన్న మంచు కరిగే వేళకి ఎడమది.
వెలుగంటే ఇప్పుడాయనకి
ఏ చెంప వెచ్చగా ఉందో అది.

"పైన్ చెట్ల వాసన తగ్గేదాకా తెడ్డు వెయ్యి."
వేశాను.
"ఆగు."
ఆగాను.
నీళ్ళలో వేళ్ళు ముంచి
నాడి చూసినట్టు చూశాడు.

వేసవిలో ఇక్కడ నీళ్ళు రెండు రకాలు.
పైవి పిల్లలవి, గోరువెచ్చనివి,
ఆవిరిగదిలోంచి ఒంటిమీద నూలుపోగు లేకుండా
పరిగెత్తుకొచ్చి దూకే మా ఊరివాళ్ళవి.
ఎండ ముదిరే కొద్దీ బాస్ చేపలు వీటిని మనకొదిలేసి
కింద, తలుపు మూసినట్టు చలి మొదలయ్యే చోట
గడప పట్టుకుని ఉంటాయి.

మామయ్య లైను కొలిచేది బారలతో.
చేతులు రెండూ చాపి ఒకటి,
మళ్ళీ చాపి రెండు,
బట్టలకొట్లో తాను కొలిచినట్టు.
ఏడు దగ్గర గోటితో నొక్కిపట్టి
"రాయి" అన్నాడు. "ఇసక." "రాయి."
సీసపు గుండు తట్టిందల్లా పైకి చదివాడు.
అంత లోతుకి నా కళ్ళూ పనిచెయ్యవు,
అక్కడ మేమిద్దరం సమానం అనుకున్నాను.
కాదు.
పాతికేళ్ళు రాగి గనిలో దిగినవాడికీ నాకూ
సమానమేంటి?

కర్ర వంగింది.
మామయ్య ఏమీ అనలేదు, నవ్వాడు.
పైకొచ్చింది, నా మోచేతి అంత పొడవు,
కంచు ఒళ్ళు, ఎర్రటి కన్ను,
పొట్ట మాత్రం డోలులా బిగిసిపోయి.

"ముసల్దేనా?"
"ముసల్దే."
"అయితే వద్దు. తిరిగి పంపుదాం."

పొగాకు డబ్బాలోంచి పశువుల డాక్టరిచ్చిన సూది తీసి
పక్కరెక్క వెనక పొలుసులు వేలితో లెక్కపెట్టి
గుచ్చాడు.
సన్నగా గాలి, సైకిల్ ట్యూబు నుంచి పోయినట్టు.
"బోను మరీ తొందరగా పైకి లాగితే
మాకూ చెవుల్లో ఇలాగే ఉండేది" అన్నాడు, చేపతో.

వదిలాడు.
"వెళ్ళిందా?"

పది గజాల అవతల
పక్కకి ఒరిగి తేలుతోంది అది,
ఒక కన్ను ఆకాశానికి ఇచ్చేసి.
"వెళ్ళింది" అన్నాను.

ఫ్లాస్కు మూత తిప్పుతున్న చెయ్యి ఆగింది.
"తోక చప్పుడు వినపడలేదే?"

నేనింక మాట్లాడకుండా తెడ్డు అందుకున్నాను.
మామయ్య మొహం సరిగ్గా చేప ఉన్నవైపే తిరిగి ఉంది.
పక్కకి చేరగానే భుజందాకా చెయ్యి దించి
దాన్ని నిటారుగా పట్టుకుని కూర్చున్నాడు.
చొక్కా చెయ్యి తడిసి బరువెక్కింది.
యాలకుల రొట్టె సంచిలోనే ఉండిపోయింది.
లూన్ పక్షి ఒకటి కూసి, మునిగి,
ఎక్కడో తేలింది.
ఎండ ఆయన ఎడమచెంప మీదికి వచ్చింది.

చెయ్యి ఖాళీగా పైకొచ్చింది.

"ఇప్పుడు చెప్పు, ఐలీ. ఉన్నదున్నట్టు."

చెప్పాను.
ఒక బార కింద, ఇంకా కంచు రంగే.
రెండు, పచ్చబడింది.
మూడు, తోక ఆడిస్తోంది మామయ్యా, నిజంగా.
నాలుగు, నీడలా ఉంది.
ఐదు, ఉందనుకుంటే ఉంది.

ఆ తర్వాత నాకేమీ కనపడలేదు.
ఆరు, ఏడు
ఆయనే లెక్కపెట్టాడు,
లైను లేకుండానే
చేతులు బార్లా చాపి.