ఐదు మార్కుల ప్రశ్న

పన్ను పీకెటోనికి పిత్తరసం ఎందుకు మేడమ్
అని వెనుక బెంచి నుంచి అడిగిండు సుమంత్.
క్లాసంత నవ్వింది.
నేను గూడ నవ్విన, చెయ్యి అడ్డం పెట్టుకోని.
ముప్పై ఏండ్ల అలవాటది.
నల్లగొండల పుట్టినోళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఫస్టియర్ బీడీఎస్. తిన్నంక రెండు గంటల క్లాసు.
హైవే మీద లారీ పోయినప్పుడల్ల
కిటికీ అద్దాలు గదగద వణుకుతయి.
పొద్దంత మైనం చెక్కి చెక్కి వచ్చిన్రు,
గోర్లల్ల తెల్లగ ఇరుక్కున్నది.
బ్యాగులల్ల ఫార్మలిన్ సీసాలు,
పట్నం క్లినిక్కులల్ల అడుక్కోని తెచ్చుకున్న పండ్లు,
ఎవరి నోట్లెవో, ఏ జొన్నరొట్టె నమిలినయో.
వాళ్లకు పన్ను గావాలె.
నేనేమో కాలేయమంట, మూత్రపిండమంట.

ఇంపార్టెంటు క్వశ్చన్లు చెప్పుండ్రి మేడమ్ అంటరు.
చెప్త. ఏం జేస్త?
ఫ్లోరైడు: లఘు సమాధానం, ఐదు మార్కులు.

బోర్డు మీద గీసిన.
కాల్షియం పది, ఫాస్ఫేట్లు ఆరు,
ఆఖరికి రెండు హైడ్రాక్సిల్లు,
చండూరు బస్సుల కిటికీ పక్క సీట్ల లెక్క.
అది లేవంగనే
ఫ్లోరైడు దస్తీ ఏసి సీటు ఆపుకుంటది.
కొంతమంది ఎక్కితె మంచిదే,
పేస్టు డబ్బా మీద రాసేది గంతవరకే.
బస్సు కిక్కిరిస్తె ఏమైతదో
డబ్బా మీద ఉండదు.

పింగాణి కట్టే కణం మేస్త్రి అసోంటిది.
గోడ కట్టుకుంట కట్టుకుంట ఎనుకకు జరుగుతది.
కట్టుడు అయిపోయిన్నాడు సచ్చిపోతది.
మల్ల రాదు. మరమ్మతు లేదు.
మేస్త్రి చెయ్యి వణికిన కాడ
గోడ జీవితాంతం అట్లనే ఉంటది.
చర్మం మరిచిపోతది, రక్తం నాలుగు నెలలకు మారుతది,
పన్ను మాత్రం
చిన్నప్పుడు తాగిన నీళ్లను మరువది.

ఇంత చెప్పి తిరిగి చూస్తె
సగం మంది నిద్రల ఉన్నరు.

మూడో బెంచిల ఐతగోని వైదేహి.
మర్రిగూడ అవుతల ఊరు.
వైవాల గూడ పెదవులు విప్పీ విప్పక
జవాబులు చెప్పే పిల్ల.
క్లాసయినంక వచ్చింది.
చేతిల కొత్త స్టీలు అద్దం,
దాని మీది ధర చీటీ ఇంక పీకలేదు.
ఒకటి చూడుండ్రి మేడమ్, అని నోరు తెరిచింది.

ముందు పండ్ల మీద గోధుమ రంగు గీతలు,
అడ్డంగ, నాకు ఎరుకైన గీతలే.
అద్దం లోపలికి జరిపింది.
దవడ మూలకు
చిగురును చీల్చుకోని వస్తున్న జ్ఞానదంతం.
ఒక్క మరక లేదు.
ఇప్పుడే తోమి బోర్లించిన గిన్నె.

నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు
మా వాడకు కృష్ణ నీళ్ల నల్లా వచ్చింది మేడమ్.
మిగిలిన పండ్లన్ని బోరు నీళ్లతోటి అయినయి.
ఇదొక్కటే నల్లా నీళ్లతోటి కట్టుకున్నది.
మీరు చెప్పిన ఏండ్లతోటి లెక్క సరిపోతదా?

సరిపోయింది.
వేళ్ల మీద ఒకసారి, బోర్డు మీద ఒకసారి చూసుకున్న.
పద్దెనిమిదేండ్ల నుంచి ఈ పాఠం చెప్తున్న,
నా నోట్లె ఇట్లాంటి తారీఖు లేదు.
నా జ్ఞానదంతం పీకిననాడు చూసిన,
అది గూడ గోధుమ రంగే.

పై ఫ్లోరు సర్జరీ సార్లకు చూపియ్యకు అన్న,
జాగ లేదు, పీకేద్దామంటరు.
ఇప్పటికే అన్నరు మేడమ్,
రాత్రంత సలుపుతది, పీకించుకుంట.
మరి సీసాల ఏసి నాకియ్యి, పిల్లలకు చూపిస్త.
ఇయ్య మేడమ్, నాకే గావాలె, అన్నది.

రాత్రి ఇంటర్నల్స్ పేపరు రాసుకుంట
ఫ్లోరైడు పక్కన ఐదు కొట్టేసి పది ఏసిన.
సిలబస్ ఒప్పుకోదు.
మల్ల ఐదు చేసిన.

సుమంత్ ప్రశ్న అట్లనే ఉన్నది.
పిత్తం లేకుంటె కొవ్వు కరగది,
కొవ్వు కరగకుంటె డి విటమిన్ ఒంటికి పట్టది,
అది లేకుంటె పేగుల కాడ కాల్షియం ఆగిపోతది,
పన్ను దాక రాదు.
కాగితం ఎనుక బాణాలు గీసుకున్న.
రేపు రెండు గంటలకు వానికి చెప్పాలె,
వాడు మేలుకోని ఉంటె.