రిజిస్టరులో లేనివి

దొరబాబూ,
తాళంచెవులు మూడు. గ్రీజు డబ్బా ఒకటి, సగం.
గేజి పుస్తకం, చిమ్నీ పగిలిన లాంతరు,
అన్నీ లెక్క చూసుకుని సంతకం పెట్టావు.
ఇహ ఇటు రా, క్వార్టరు వెనక్కి.
ఇక్కడున్నదేదీ రిజిస్టరులో లేదు.

ముందు ఆ మెట్లు లెక్కపెట్టు.
మూడో మెట్టుకి కింద ఏదీ నాటకు.
శ్రావణంలో గోదారి ఎర్రబడితే
నీళ్ళకి లస్కరు వంకాయని తెలీదు.
నేను నాటాను. రెండుసార్లు.

వేసవిలో కాలువ కట్టేశాక
అడుగు మట్టి ఎండి అప్పడాల్లా లేస్తుంది.
ఆ పెచ్చులు ఏరుకో, నత్తగుల్లలు తీసెయ్యి,
నలిపి పాదుల్లో పొయ్యి.
ఎరువు కొన్నావో, నా మీద ఒట్టే.

రోహిణి ఎండకి కనకాంబరం మీద
రెండు కొబ్బరి మట్టలు అడ్డం పెట్టు.
మరీ కప్పెయ్యకు,
ఆకు మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడాలి.

మృగశిర చినుకు చూసి తొందరపడకు.
తొలి తడికి నేల లోపలి వేడి కక్కుతుంది,
గింజ ఉడికిపోతుంది.
మూడోనాడు వెయ్యి.
బీర, ఆనప, కాకర, రాత్రంతా నానాలి.
గింజలు దూలానికి వేలాడే సీసాలో, బూడిదలో ఉన్నాయి.
చీటీలు అంటించలేదు,
ఏది ఏదో మొలిచాక అదే చెబుతుంది.

పొట్ల పిందె జానెడయ్యాక కొసకి బరువు కట్టు,
లేకపోతే పాములా చుట్ట చుట్టుకుంటుంది.
నేను కట్టింది గేటు నట్టు.
పుస్తకంలో నట్లు ఇరవై నాలుగు, ఉన్నవి ఇరవై మూడు.
ఏఈ గారు అడిగితే
పందిరి కింద వేలాడుతోందండీ అని చెప్పు, ఆయ్.

పొట్లకి పొరుగు గిట్టదంటారు.
నీకు మాత్రం పొరుగుంది:
ఏస్తేరమ్మ, ఆవిడ పదకొండు బాతులు.
తోటకూర మొలిచిన సంగతి నీకన్నా ముందు వాటికి తెలుస్తుంది.
తగువు పెట్టుకో, పర్లేదు.
నేనూ ఏడాది పాటు మాట్లాడలేదు.
తర్వాత ఓ పొద్దున్న గట్టు మీద తట్టెడు బాతుపెంట,
పైన నాలుగు గుడ్లు.
ఆ ఏడు వంగ కాపు నువ్వు చూడాల్సింది.

ఇంకో మాట.
చెయ్యి తిప్పితే గేటు లేస్తుంది,
కనుచూపు మేర చేలన్నీ తడుస్తాయి.
ఈ మిరప మొక్కకి మాత్రం
వంగి, చెంబుతో, నువ్వే పొయ్యాలి.
మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఆషాఢంలో చామంతి పిలకలు విడదీసి నాటు.
ఎదిగాక తలలు తుంచాలి.
ఆ రోజు మా వరహాలు ఇంట్లో ఉండదు,
నిజంగానే బస్సెక్కి అంబాజీపేట పోతుంది.
మొగ్గైనా తొడగని దాని తల కోస్తావా అంటుంది.
కార్తీకంలో మొక్కకి నలభై పూలు లెక్కపెట్టి చూపించాను.
ఒప్పుకోలేదు. పూలు మాత్రం కోసుకుంది.

చివరిది, ఆ బకెట్లో మల్లె.
మాతో నాలుగు బదిలీలు తిరిగింది,
లారీలో, పంటు మీద, ఒకసారి వరహాలు ఒళ్ళో.
పుష్యం ఆఖర్న ఆకంతా దూసెయ్యి,
నీళ్ళు మానెయ్యి.
చచ్చిందేమో అని నీకు భయం వేసేదాకా మానెయ్యి.
అప్పుడు పొయ్యి, ఒక సాయంత్రం, బాగా.

నిన్న ఎత్తబోయాను. కదల్లేదు.
ఏ రాత్రి దిగిందో,
అడుగు చీల్చుకుని వేరు గట్టులోకి దిగింది.
గడ్డపలుగు తెచ్చాను.
వరహాలు నా చేతిలోంచి లాక్కుని
దూరంగా గోడకి ఆనించి వచ్చింది.
ఏమీ అనలేదు. సామాను కట్టుకుంది.

బకెట్ సర్కారుది కాదు, మాదే.
విరిగినా అక్కడే ఉండనీ.
పద, నాలుగవుతోంది, గేజి చూడాలి.
ఇవాళ్టి అంకె
నువ్వే వెయ్యి.