తడి గీత

హనోకు నా లేతు షెడ్డుకు మొదట వచ్చింది పెగ్గుల కోసం.
ఇరుసు చివర తొడిగే గొట్టాలు,
బెత్తెడు పొడుగు.
"అల్యూమినియంవి తేలిగ్గా ఉంటాయి కదరా" అంటే
"రాయి మీద జారాలి మామా, సబ్బులా అరిగిపోతాయి" అన్నాడు.
చీమకుర్తిలో రాయి గురించి
నాకు చెప్పినోడు వాడొక్కడే.

రామతీర్థం రోడ్డులో కటింగు మిల్లు వెనక
పారేసిన పలకల మీద వాళ్ల ఆట.
ఓడెక్కాల్సిన నల్లరాయి
అంచు పగిలి, వెండి చుక్కలతో సహా
పిల్లకాయల చక్రాల కింద ఉండిపోయింది.

ఇరవై అంగుళాల చక్రాలు.
సీటుంది, కూర్చోడానికి కాదు.
"బ్రేకేదిరా?" అంటే
"చెప్పు" అన్నాడు.
నన్నే చెప్పమంటున్నాడనుకున్నా.
కాలెత్తి, అరిగిన చెప్పును
వెనక టైరుకు ఆనించి చూపించాడు.

మా ఊరి దుమ్ము మీకు తెలీదు.
రాయికి అద్దంలాంటి మెరుపు తెచ్చే పొడే
బేరింగులో దూరిందా, గోలీల్ని తినేస్తుంది.
పాలిషు పట్టినా అరగదీసినా చేసేది ఒకటే పని,
ఎక్కడ ఆపాలో తెలియాలి, అంతే.
అందుకే సీలు బేరింగులే కొనమన్నా,
నూట ఎనభై ఎక్కువైనా సరే.

చెయిను కిరసనాయిల్లో నానబెట్టు.
లింకుకో చుక్క నూనె, ఆపైన తుడిచెయ్.
పైకి నూనె కనపడిందంటే
దుమ్మును పిలిచి అన్నం పెట్టినట్టే.
చిటికెనేలితో ఎత్తితే
అరంగుళం ఆడాలి.
మరీ బిగిస్తే గొణుగుద్ది,
మరీ వదిలితే గాల్లో ఊడి
నీ మూతిని రాయికి అప్పజెపుద్ది.

పుల్లలు మాత్రం వాడే చూసుకుంటాడు.
మీటి, చెవి పెట్టి వింటాడు.
కంప్రెసరు పక్కన పద్దెనిమిదేళ్లు చేసినోణ్ణి,
నాకు ఆ మోత అందదు,
వేళ్లతో నొక్కి చూస్తా.
వాడి చెవీ నా వేలూ కలిస్తే
చక్రం వంకర తీరుద్ది.

ఫ్రేము మద్రాసు పుదుప్పేటలో కొన్నది,
అప్పటికే ముగ్గురు తొక్కి వదిలింది.
క్రోమోలీ అని స్టిక్కరు చెబుతుంది.
ఇనుము ఏమీ చెప్పదు.
ఓ శనివారం, హెడ్డు ట్యూబు కింద, వెల్డింగు పక్కన
రంగు వెంట్రుక మందాన లేచి ఉంది.

క్వారీలో బ్లాకు కొనేముందు నీళ్లు పోసి చూస్తారు.
ఎండకు రాయంతా ఆరిపోద్ది,
బీటున్న చోట మటుకు
తడి గీత ఉండిపోద్ది.
లక్షల రాయి
ఆ గీత దగ్గర కంకరైపోద్ది.

కిరసనాయిలు పూశా. తుడిచా.
బడి సుద్దముక్క నూరి చల్లా.
ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం.
తెల్లటి సుద్దలోంచి గీత
మెల్లగా నల్లబడి పైకొచ్చింది.

"వెల్డింగు పెట్టు మామా."
"పెడతా. దాని పక్కన విరుగుద్ది."
"రేపు ఒంగోల్లో జంపులున్నాయి."
"ఉంటాయి."

కాసేపు నేలను చెప్పుతో గీకి
"రంగు కొట్టి ఖాజాకు ఇచ్చేస్తే?
నాలుగు వేలిస్తానన్నాడు.
వాడు పెద్దగా ఎగరడులే."

నేనేమీ అనలేదు.
క్రేను కొక్కేనికి పడిన గీతను
నేను చూపించాక
సూపర్‌వైజరు రంగు కొట్టించిన రోజు గుర్తొచ్చింది.
అదీ చెప్పలేదు.

రంపం బల్ల మీదే ఉంది.
వాడే తీశాడు.
మధ్యలో బ్లేడు విరిగితే ఇంకోటిచ్చా,
దానికి డబ్బులు తీసుకున్నా.
గొట్టం రెండు ముక్కలయ్యాక
వాడి అరచేతిలో బొబ్బ, మూతిన ఇనప రజను.
సాయంత్రం ఖాజా వచ్చి
ఆ ముక్కల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు,
హనోకును తిట్టి పోయాడు.

క్రాంకులు, ఫోర్కు, హ్యాండిలు
గ్రీజు పూసి పాత పేపర్లో చుట్టాం.
కొత్త ఫ్రేముకు ఇంకా ఆరు వేలు కావాలి.

ముందు చక్రం ఒక్కటే
ఇరుసుకు తాడు కట్టి నా షెడ్డులో వేలాడుతుంది.
వచ్చినోళ్లంతా ఓసారి తిప్పి పోతుంటారు,
చాలాసేపు తిరుగుద్ది.
చప్పుడే లేదంటాడు హనోకు.
నాకెట్టాగూ వినపడదు,
వాడి మాట నమ్ముతా.