ఏడు బస్తాల ఉప్పు

మా మోంపోస్‌లో వీధి గోడకు
తెలుపు తప్ప ఇంకో రంగు ఒప్పుకోరు.
కిటికీ ఊచ ఒకటి వంగితే
సరిచేసేందుకు మూడు సంతకాలు కావాలి.
నేను సున్నం మేస్త్రీని.
నా సంతకం నా వేళ్ళ పగుళ్ళే.

మగ్దలేనా ఇటు పారినన్నాళ్ళూ
ఒడ్డు గోడ మెట్ల దాకా ఆవిరి పడవలు వచ్చేవట.
తరవాత నది ఒత్తిగిల్లి పడుకుంది,
నీళ్ళన్నీ అవతలి పాయకు లాక్కుంది.
వర్తకులు పోయారు.
కూలగొట్టి కొత్తవి కట్టుకునే డబ్బు
ఎవరి దగ్గరా లేక
ఇళ్ళు ఇలా మిగిలాయి.
ఇప్పుడు దాన్నే వారసత్వం అంటున్నారు.

ఉబాల్దినా ఇంట్లోకి వచ్చిన వరద
మోకాలెత్తున గీత గీసి పోయింది.
నాగజెముడు జిగురు కలిపిన సున్నం
రెండు రాత్రులు నానబెట్టి తీసుకెళ్ళాను.
ఉబ్బిన చోట తాపీతో గీకుతుంటే
తెలుపు కింద తెలుపు, దాని కింద తెలుపు,
ఉల్లిపాయ ఒలిచినట్టు.
ఎక్కడో అడుగున నీలం.
నీలం మీద బొగ్గు రాత:
"ఏడు బస్తాల ఉప్పు, అప్పు.
పడవ తిరిగొచ్చాక ఇస్తాను.
బల్తసార్, సరంగు."

కబురంది కార్తహేనా నుంచి అధికారి దిగాడు.
చెమటకు కళ్ళద్దాలు జారిపోతున్నా
గోడకు ముక్కు ఆనించి ఫొటోలు తీశాడు.
ముట్టుకోవద్దు, గాజు పలక బిగిస్తాం, అన్నాడు.
ఉబాల్దినా ఊగుడు కుర్చీ ఆగింది.
"ఉప్పు మా తాతమ్మది.
మీ ఆఫీసు తీరుస్తుందా, బాబూ?"
ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"బాకీ పడ్డవాణ్ణి నలుగురిలో నిలబెట్టే ఇల్లు కాదిది.
ఆమె చెరపలేదు, అడగలేదు,
సున్నం వేసి ఊరుకుంది.
నువ్వూ వెయ్యి, మేస్త్రీ."

చట్టం ఒక పక్క, ముసలావిడ ఒక పక్క,
బకెట్లో సున్నం పెరుగులా తోడుకుంటోంది.
అరచేయంత మేర వదిలి మిగతాదంతా పూశాను.
అధికారి ఫైల్లో ఏదో గిలికి పడవెక్కాడు.

సాయంత్రం ఆ అరచేయంత మీద
ఆమె పోయినేటి కేలండర్ తగిలించింది.
కుర్చీ వీధిలోకి లాక్కుని
నది వైపు తిప్పుకుంది.
మెట్ల మీద ఎండ కాచుకునే పెద్ద తొండ,
ఖాళీ చేపల పడవ,
అంతే.

"కూలికి చిల్లర లేదు," అంది, "రేపు రా."
నేను గోడ కేసి చూశాను.
ఆమే చూసింది.
కాసేపాగి,
"బొగ్గుముక్క తెమ్మంటావా?" అంది.